గడ్డిబండికి నాలుగో ఫ్యూజు

నరహరికి గడ్డిబండి మీద కోపం లేదు. దాన్ని నడిపే గంగామణి మీద నింద వేసినవాళ్ల మీద ఉంది. ఆ కోపంతోనే సోమవారం పొద్దున దుకాణం షట్టరు ఎత్తాడు. ఆ కోపంతోనే టీ గ్లాసు పక్కన పెట్టి మర్చిపోయాడు.

"ఉస్తాద్, ఇయ్యాల మనం పార్కుకు పోవాలె. బ్యాటరీ పట్టుకొని కాదు, జెండా పట్టుకొని."

ఖాసిం ఉస్తాద్ ముప్పై ఏళ్లుగా నిజామాబాదులో బోధన్ రోడ్డు మీద బండ్లకు వైరింగు పని చేస్తున్నాడు. చల్లారిన టీని ఒక పక్కకు జరిపి, వేడి టీ ఇంకొకటి తెప్పించి శిష్యుడి ముందు పెట్టాడు.

"ముందు ఇది తాగు. జెండా ఎక్కడికీ పోదు."

నరహరి తాగాడు. తాగుతూ అంతా చెప్పాడు.

బైపాసు రోడ్డు పక్కన ముప్పై ఎకరాల పార్కు ఉంది. అక్కడ గడ్డి కోయడానికి, మనిషి కూర్చుని స్టీరింగు తిప్పుతూ నడిపే బండి ఒకటి ఉంది. గంగామణి పన్నెండేళ్లు అదే పార్కులో నేల మీద కూర్చుని కలుపు తీసింది. రెండేళ్లు పట్టుబట్టి ఆ బండి నేర్చుకుంది. ఆ సీటు మీద కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. ఇప్పుడా సీటు పోయేట్టు ఉంది. మూడు వారాలుగా సోమవారం పొద్దున బండి లేవడం లేదు. శనివారం మధ్యాహ్నం బాగానే ఆగుతుంది. ఆదివారం సెలవు. సోమవారం తాళం తిప్పితే టిక్కుమంటుంది, అంతే. కొత్తదని చెప్పి ఇంకో బ్యాటరీ వేసినా అదే తంతు. సూపర్‌వైజరు దత్తాద్రి మెమో రాశాడు: డ్రైవరు తాళం ఆన్‌లో వదిలేసి ఇంటికి పోతోంది కాబట్టి బ్యాటరీ ఖాళీ అవుతోంది. ఈ సోమవారం పన్నెండింటిలోపు బండి నడవకపోతే, లోపమేమిటో తేలకపోతే, ఆమె మళ్లీ కలుపు తీయడానికి పోవాలి.

"మూడు సోమవారాలు ఉస్తాద్! ఒక్కనాడు కూడా ఆ సారు ఒక్క వైరు ముట్టి చూడలే. మెమో మాత్రం చక్కగ టైపు కొట్టిండు. తప్పు వెతకాలంటే వీళ్లకు కిందికే కనిపిస్తది. పైకి చూసే మెడ వీళ్లకు లేదు."

ఆ మాట నిజమే. ఉస్తాద్ కాదనలేదు.

నరహరి సంచిలోంచి కరపత్రాల కట్ట తీశాడు. వంద కాగితాలు. పన్నెండింటికి పార్కు గేటు దగ్గర పంచాలని అచ్చు వేయించాడు. ఒకటి ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

"అక్షరాలు చిన్నగున్నయ్ బేటా. నువ్వే చదువు."

నరహరి లేచి నిలబడి చదివాడు. కాలేజీలో మూడేళ్లు గేటు ముందు నిలబడి మాట్లాడిన గొంతు అది. "పాత బ్యాటరీలతో కొత్త కుట్ర! శ్రమజీవి సీటెక్కితే సింహాసనాలకు వణుకు! అన్నం పెట్టే చేతులను మట్టిలోకి నెట్టే చేతులను విరిచేద్దాం!"

పక్క దుకాణంలో టైరుకు గాలి కొడుతున్న మనిషి పని ఆపి విన్నాడు. బాగుందన్నట్టు తలూపాడు కూడా.

"బ్యాటరీ పాతదని ఎవరు చెప్పిన్రు?" అన్నాడు ఉస్తాద్.

"ఒకరు చెప్పాల్నా ఉస్తాద్? తెలుస్తనే ఉంది గద."

"బల్బు పెట్టి చూసినవా?"

నరహరి కరపత్రాన్ని మళ్లీ కట్టలో దోపాడు.

ఉస్తాద్ గోడకు వేలాడుతున్న టెస్ట్ బల్బు తీసి సంచిలో వేశాడు. రెండు వైర్ల చివర రెండు క్లిప్పులు, మధ్యలో హోల్డరు, అందులో చిన్న కారు బల్బు. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ ఒకటి స్కూటరు ముందు పెట్టుకున్నాడు.

"ఎక్కు. కాగితాలు గూడ తెచ్చుకో. పనికొస్తయ్."

పార్కు వెనక రేకుల షెడ్డులో గంగామణి బండికి చేరగిలబడి నిలబడి ఉంది. చీర మీద ఖాకీ చొక్కా, నెత్తికి తువ్వాలు. చేతిలో తాళంచెవి లేదు. పొద్దున్నే దత్తాద్రి తీసేసుకున్నాడు.

"అక్కా, భయపడకు. నీ సీటు నుంచి నిన్ను దించే మొగోడు ఇంకా పుట్టలే," అన్నాడు నరహరి.

"పుట్టిండు తమ్మీ. ఆఫీసుల కూసున్నడు," అంది గంగామణి.

ఉస్తాద్ నవ్వాడు. బండి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. కిందికి వంగి బ్లేడ్లు చూశాడు, సీటు కింద చూశాడు, లేచి చేతులు దులుపుకున్నాడు. పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"చెయ్యి బేటా. నేను చూస్త."

నరహరి చచ్చిన బ్యాటరీ దించి, ఉస్తాద్ తెచ్చింది పెట్టాడు. ఎర్ర వైరు బిగించాడు. నల్ల వైరును బ్యాటరీకి తగిలించకుండా పక్కకు పెట్టి, జేబులోంచి డిజిటల్ మీటరు తీశాడు. తన సొంతది, ఏరికోరి కొనుక్కున్నది.

"మీటరొద్దు, బల్బు పెట్టు," అన్నాడు ఉస్తాద్.

"మీటరు పాయింటు దాక లెక్క చెప్తది ఉస్తాద్."

"మీటరు నీకు చెప్తది. బల్బు అందరికి చెప్తది."

నరహరి బల్బు క్లిప్పు ఒకటి బ్యాటరీ మైనస్ మొనకు, ఇంకొకటి నల్ల వైరు చివరకు తగిలించాడు. ఇప్పుడు బ్యాటరీలోంచి చుక్క కరెంటు బయటికి పోవాలన్నా ఆ బల్బులోంచే పోవాలి. తాళం లేదు, బండి ఆగి ఉంది, సీటు మీద ఎవరూ లేరు. అంటే బల్బు వెలగకూడదు.

వెలిగింది. పసుపు పచ్చగా, దొంగలా కాదు, దర్జాగా వెలిగింది.

"చూసిన్రా! తాళంచెవి వాళ్ల దగ్గర్నే ఉంది. అయినా కరెంటు పోతనే ఉంది. అక్క తప్పు లేదు!" అని అరిచాడు నరహరి.

గంగామణి రెండు చేతులూ తువ్వాలుకు తుడుచుకుని, దగ్గరికి వచ్చి బల్బును చూసింది. మూడు వారాల తర్వాత మొదటిసారి ఆమె ఊపిరి పూర్తిగా వదిలింది.

"సగం తేలింది," అన్నాడు ఉస్తాద్. "ఎవరు వదలలేదో తేలింది. ఎటు పోతుందో తేలాలె. ఫ్యూజులు తియ్యి. ఒక్కొక్కటి. తీసినప్పుడల్ల బల్బు చూడు. ఏది తీస్తే ఆరిపోతదో, దొంగ ఆ దారిల ఉన్నట్టు."

బండికి మూడే ఫ్యూజులు. ఉస్తాద్ ఒక కరపత్రం తీసి నేల మీద పరిచాడు. "దీని మీద పెట్టు. మట్టిల పడితే దొరకయ్."

నరహరికి మనసు చివుక్కుమంది. అయినా కూర్చున్నాడు.

మొదటి ఫ్యూజు లైట్లది. తీశాడు. బల్బు వెలుగుతూనే ఉంది. ఫ్యూజు 'కొత్త కుట్ర' మీద పెట్టాడు.

రెండోది బ్లేడ్లు తిప్పే క్లచ్చుది. తీశాడు. బల్బు రెప్ప కూడా వేయలేదు.

మూడోది పెద్దది, తాళానికి పోయేది. నరహరికి ఇదేనని నమ్మకం. కంపెనీ నాసిరకం తాళం బిగించింది, లోపల కాంటాక్టు అతుక్కుపోయింది, నింద మాత్రం మనిషికి. మాట కూడా నోట్లో సిద్ధం చేసుకున్నాడు. ఫ్యూజు లాగాడు.

బల్బు అలాగే వెలుగుతోంది.

"అయితే రెగ్యులేటరు," అన్నాడు. ఇంజను తిరుగుతున్నప్పుడు బ్యాటరీకి చార్జింగు పంపే డబ్బా అది. దాని ప్లగ్గు ఊడబెరికాడు. ఏమీ కాలేదు. స్టార్టరు వైరు విప్పాడు. ఏమీ కాలేదు. నుదుటి మీద చెమట గ్రీజుతో కలిసి కంట్లోకి జారింది.

"అన్నీ తీసినవా?" అడిగాడు ఉస్తాద్.

"అన్నీ తీసిన."

"అన్నీ?"

"కంపెనీ బిగించినవన్నీ తీసిన ఉస్తాద్! ఇంక ఏం మిగల్లే. ఈ బండే తుక్కు. తుక్కు తెచ్చి పేదోళ్ల నెత్తిన రుద్దిన్రు. లోపం ఈ వైర్లల్ల లేదు, మొత్తం వ్యవస్థలనే ఉంది!"

షెడ్డు రేకులు ఆ గొంతుకు కాస్త మోగాయి. బల్బు మాత్రం దాని పని అది చేసుకుంటోంది.

ఉస్తాద్ అతని వైపు చూడలేదు. గంగామణి వైపు తిరిగాడు.

"చెల్లె, ఈ బండి మీద రోజూ కూసునేది ఎవరు?"

"నేనే గద ఉస్తాద్ సాబ్."

"నిన్ను ఎవరన్న అడిగిన్రా, బండికి ఏమైందని?"

గంగామణి ఆలోచించింది. "దత్తాద్రి సారు తాళం తీసినవా లేదా అని అడిగిండు. ఈ తమ్మి ధర్నా కాగితం మీద సంతకం పెడతవా అని అడిగిండు. బండి సంగతి ఎవరు అడగలే."

నరహరి చేతిలో స్పానరు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"నేను అడుగుతున్న. బండి ఆగి ఉన్నప్పుడు నీకు వింతగ ఏమన్న అనిపిచ్చిందా? వాసనో, సప్పుడో, వేడో?"

"వింతేం కాదు గని..." ఆమె కొంచెం సిగ్గుపడింది. "పొద్దుగాల వచ్చి కూసోంగనే ఎడమ మోకాలు పక్కకు వెచ్చగ ఉంటది. ఇంజను ఇంక స్టార్టే చెయ్య. అయినా వెచ్చగుంటది. చలికాలం గద, పానానికి మంచిగనే ఉండె. బండి గుణమే అట్లనేమో అనుకున్న. సోమవారం మాత్రం సల్లగుంటది."

ఉస్తాద్ తలూపాడు. నరహరి మణికట్టు పట్టుకుని సీటు ఎడమ పక్కకు తీసుకుపోయాడు. లోపలికి, చీకటిగా ఉన్న చోటికి, అతని అరచేతిని ఆనించి వదిలేశాడు.

అగ్గిపెట్టెకు రెండింతలున్న నల్ల డబ్బా. గోరువెచ్చగా ఉంది.

ఆ డబ్బా నరహరికి తెలుసు. దాని మూల అరిగి ఉన్న సంగతి తెలుసు. దాని స్క్రూలలో ఒకటి మిగతావాటికంటే పొడుగని తెలుసు, ఎందుకంటే ఆ స్క్రూ అతని జేబులోదే.

నెల కిందట, ఉస్తాద్ నాందేడులో బిడ్డ ఇంటికి పోయినప్పుడు, నరహరి దాన్ని బిగించాడు. గంగామణి ఫోను మధ్యాహ్నానికి చచ్చిపోతోంది. ముప్పై ఎకరాల్లో ఎక్కడో ఒక మూల ఉన్న మనిషి ఫోను ఎత్తకపోతే దత్తాద్రి సగం రోజు సెలవు రాస్తున్నాడు. నరహరి సంతలో ఒక చార్జింగు డబ్బా కొన్నాడు. ఎక్కడ కలపాలి? తాళం తర్వాత కలిపితే తాళం ఆన్‌లో ఉంటేనే చార్జి ఎక్కుతుంది. సాయంత్రం బండి షెడ్డులో పెట్టాక తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది కానీ, అన్నానికి ఆగినప్పుడు ఆఫీసులో ఇవ్వాలని రూలు. అంటే తాళంతో పాటు కరెంటు కూడా దత్తాద్రి జేబులోకి పోతుంది. నరహరికి ఒళ్లు మండింది. 'తాళం వాళ్లదైతే కావచ్చు, కరెంటు కార్మికురాలిది' అనుకుంటూ, ఆ డబ్బాను తిన్నగా బ్యాటరీకి కలిపాడు. తాళం లేదు. బటన్ లేదు. ఫ్యూజు కూడా లేదు. ఆ సాయంత్రం సంతోషంతో అతను రెండు ప్లేట్ల మిర్చిబజ్జీ తిన్నాడు.

ఆ తర్వాత ఆ డబ్బా అతని తలలో బండిలో భాగంగా ఎప్పుడూ లేదు. అది వైరింగు కాదు, న్యాయం.

నరహరి డబ్బా వైరును బ్యాటరీ దగ్గర పట్టుకుని లాగాడు.

బల్బు ఆరిపోయింది.

గంగామణికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కోప్పడుతుందనుకున్నాడు నరహరి. ఆమె తువ్వాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి.

"అయ్యో తమ్మీ. ఆ వేడి నీ చార్జింగు డబ్బదా? నేను బండిదే అనుకొని నెల రోజులు చలి కాచుకున్న గదరా."

బయట మోటారు సైకిలు ఆగింది. దత్తాద్రి చేతి గడియారం చూసుకుంటూ లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఆ జేబులోనే గడ్డిబండి తాళంచెవి.

"ఏం ఖాసిం భాయ్, తేలిందా? పదకొండున్నర అయితుంది."

ఉస్తాద్ బకెట్టు మీంచి లేవలేదు. జవాబు తన దగ్గర లేనట్టు శిష్యుడి వైపు చూశాడు.

నరహరి సంచిలో తొంభై తొమ్మిది కాగితాలున్నాయి. నేల మీద ఒకటి ఉంది. ఆ డబ్బా ఊడదీసి జేబులో వేసుకుంటే ఆ వంద కాగితాలూ పనికొస్తాయి. బండి ఎట్లాగూ లేస్తుంది. ఎవరికీ తెలియదు. గంగామణి చెప్పదు. ఉస్తాద్ అసలే చెప్పడు. ఈ లెక్క అతని తలలో పూర్తవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ లెక్క వచ్చినందుకు సిగ్గుపడడానికీ ఎక్కువసేపు పట్టలేదు.

"తేలింది సార్. తప్పు నాది."

దత్తాద్రి కళ్లద్దాలు సరిచేసుకున్నాడు.

"ఈ చార్జింగు డబ్బా నేను పెట్టిన. తాళంతోని సంబంధం లేకుండ బ్యాటరీకి కలిపిన. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాక ఇదే కరెంటు తాగుతుంది. మామూలు రోజుల్ల బండి నడుస్తది కాబట్టి మళ్ల చార్జి ఎక్కుతుంది, అందుకే తెలియలే. గంగామణక్కకు దీంతోని ఏం సంబంధం లేదు."

"అబ్బో," అన్నాడు దత్తాద్రి. నేల మీది కరపత్రం చూశాడు. ఫ్యూజుల మధ్య నుంచి కనిపించినంత చదివాడు. "కుట్ర చేసిన చేతులను విరుస్తమని రాసినవ్ గదా. ఇప్పుడెట్ల? మీ చేతులు మీరే విరుచుకుంటరా, మమ్మల్ని సాయం పట్టమంటరా?"

గంగామణి నవ్వు ఆగిపోయింది.

నరహరి మొహం ఎర్రబడింది. కానీ గొంతు పెరగలేదు. దత్తాద్రి జేబులోంచి ఒక పెన్ను అడిగి తీసుకున్నాడు. సంచిలోంచి ఒక కరపత్రం తీసి, వెనక తెల్లగా ఉన్న వైపు, బండి బానెట్టు మీద ఆనించి రాశాడు. లోపం ఏది, ఎవరు చేశారు, ఎట్లా పట్టుకున్నారు, నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టాడు. తర్వాత ఆగి, ఐదో వాక్యం కూడా రాశాడు. దాన్ని పైకి చదివాడు.

"మూడు సోమవారాలు బండిని ఎవరూ పరీక్షించకుండానే డ్రైవరు మీద మెమో రాయడం జరిగింది."

"ఇదెందుకు?" అన్నాడు దత్తాద్రి.

"జరిగింది కాబట్టి సార్. నాది నేను రాసుకున్న. మీది మీరు రాయరు గద, అందుకే."

దత్తాద్రి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ ఫ్యూజులు ఒక్కొక్కటి కాగితం మీంచి తీసి ఊది తుడుస్తున్నాడు. పైకి చూడలేదు. దత్తాద్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెన్ను వాపసు తీసుకున్నాడు. తాళంచెవి తీసి, క్షణం తటపటాయించి, గంగామణి చేతిలో పెట్టాడు.

"మెమో నేను తీసేస్తలే. బండి బయటికి తియ్యి. ఉత్తరం పక్క గడ్డి మోకాలెత్తు పెరిగింది."

మోటారు సైకిలు వెళ్లిపోయింది.

నరహరి ఫ్యూజులన్నీ ఎక్కించాడు. ప్లగ్గులు, వైర్లు బిగించాడు. బల్బు తీసేసి నల్ల వైరు దాని చోట బిగించాడు. చివరికి ఆ డబ్బా విప్పి, పొడుగు స్క్రూతో సహా చేతిలోకి తీసుకుని, షెడ్డు మూల చెత్తడ్రమ్ము వైపు నడిచాడు.

"ఎటు?" అన్నాడు ఉస్తాద్.

"పారేస్త."

"ఎందుకు? చెల్లె ఫోను ఇంక చచ్చిపోదా?"

నరహరి ఆగిపోయాడు.

"కరెంటు ఇచ్చినవ్. మంచిగనే ఇచ్చినవ్," అన్నాడు ఉస్తాద్. సంచిలో చెయ్యి పెట్టి వెతికాడు. ఒక చిన్న నల్ల బటన్, ఒక ఫ్యూజు హోల్డరు, ఒక ఫ్యూజు బయటికి వచ్చాయి. అరచేతిలో పెట్టుకుని శిష్యుడికి చాచాడు. "బంద్ చేసుడు ఎవరి చేతికి ఇచ్చినవ్ బేటా?"

నరహరి ఆ మూడింటినీ తీసుకున్నాడు. నోరు తెరిచాడు. ఏదో చాలా బాగా చెప్పగలడు, ఎన్నో పుస్తకాలు చదివాడు. మూసుకున్నాడు.

ఎర్ర వైరు కొలిచి కత్తిరించాడు. మొదట ఫ్యూజు బిగించాడు. డ్రిల్లు మిషను తీసుకుని బండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీటు కింద, డబ్బా ముందున్న చోటే, అదే రేకు మీద గురి పెట్టాడు. తనకు నచ్చిన చోటు అది. వేలు మీట మీదికి వెళ్లి ఆగింది.

డ్రిల్లు కిందికి దించి, తలెత్తి గంగామణిని చూశాడు.

"అక్కా, బటన్ ఎక్కడ పెట్టమంటవ్?"

గంగామణి సీటెక్కింది. రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, కళ్లు మూసుకుని, గడ్డి కోస్తున్నట్టే ఒకసారి కూర్చుని చూసుకుంది. తర్వాత కుడి చేతి బొటనవేలితో ఒక చోటు తాకి చూపించింది.